గోడకీ రేకుకీ మధ్య

బాలింతకి చల్లగాలి తగలకూడదు. ఈ ఒక్క విషయంలో సుకుమారి ఎవరి మాటా వినదు. కూతురు అక్షర పుట్టినప్పుడు రాజోలులో తన తల్లి మంచం కింద కుంపటి పెట్టి, సాంబ్రాణి వేసి, మరుగుతున్న నీళ్ళతో నడుముకి కాపడం పెట్టింది. ఆ కాపడం చలవ వల్లే ఈ వయసులో కూడా తనకి నడుంనొప్పి లేదని అందరికీ చెబుతుంది. అది అబద్ధమని భర్త జడ్సన్‌కి తెలుసు. రోజూ బామ్ రాసేది ఆయనే.

"ఖతర్లో చలేంటమ్మా?" అని ఆస్పత్రి మంచం మీంచే ఫోన్లో నవ్వింది అక్షర. మనవరాలు పుట్టిన మర్నాడది.

"వెస్ట్ బేలో అద్దాల మేడలో కాపురం చేసేదానివి, నీకేం తెలుస్తుందే? జనవరిలో అల్ ఖోర్ వచ్చి చూడు. సముద్రం మీంచి గాలి కొడితే పళ్ళు టకటకలాడతాయి."

"మరి నన్ను అక్కడికెందుకు రమ్మంటున్నావు?"

సుకుమారి లెక్క ఒకటే. ఆడపిల్ల పురిటికి తల్లి దగ్గరికి రావాలి. అంతే. తల్లి అల్ ఖోర్‌లో ఉంటే అల్ ఖోరే పుట్టిల్లు.

వాళ్ళుండేది ఒక పెద్ద విల్లా వెనకున్న చిన్న ఇంట్లో. రెండు గదులూ, వంటిల్లూ. ఇవి కాక పెరట్లో, సామాన్ల గదికి ఆనుకుని, పాత చెక్కగది ఒకటుంది. సుకుమారి అందులో మిషను పెట్టుకుని చుట్టుపక్కల తెలుగువాళ్ళకీ మలయాళీలకీ జాకెట్లు కుడుతుంది. దాన్నే బాలింత గది చేద్దామనుకుంది. పగలంతా తల్లీబిడ్డా అక్కడుంటారు, స్నానాలక్కడే, తల ఆరబెట్టుకునేదక్కడే. రాత్రి ఇంట్లో పడుకుంటారు. కరెంటు హీటరు రెండుసార్లు పెట్టి చూశారు. రెండుసార్లూ ఇంటికంతా కరెంటు పోయింది.

అప్పుడే ఇంటి ఓనరు షీరీన్ తన డ్రైవర్ల చేత ఒక ఇనప పొయ్యి మోయించుకుని వచ్చింది. నల్లగా, నాలుగు కాళ్ళతో, ముందు అద్దం తలుపుతో, పైన పొగగొట్టంతో పెళ్ళికూతురి పెట్టంత ఉంది. చలికాలం ఎడారిలో గుడారం వేసుకున్నప్పుడు వాళ్ళు వాడేదట. కొడుకులు ఇప్పుడు గుడారంలో కూడా ఏసీ పెట్టించుకుంటున్నారట.

"బేబీ కే లియే," అంది షీరీన్. సుకుమారి ఏదో అనబోతే, ఏం ఫర్వాలేదు ఉంచుకోమన్నట్టు చెయ్యి ఊపేసింది. "మాఫీ ముష్కిల్. యల్లా, రఖో."

గుడారంలో ఆ పొయ్యి నట్టనడుమ ఇసకలో నిలబడేది. మనుషులు దానికి దూరంగా చుట్టూ కూచునేవాళ్ళు. ఇక్కడ నట్టనడుమ పెడితే మంచానికీ ఉయ్యాలకీ చోటేదీ? మూలకి జరపాలి. మూలలో ఉన్నది చెక్క గోడ.

"దాని సంగతి నాకొదిలెయ్," అన్నాడు జడ్సన్.

ఆయన అలా అనడంలో వింతేమీ లేదు. జడ్సన్ గ్యాస్ ప్లాంటులో ఇన్సులేషన్ సూపర్‌వైజరు. కాలే గొట్టాలకి గాజుదూది చుట్టించి, పైన తళతళలాడే రేకు తొడిగించడం ఆయన పని. వేడి బయటికి పోకూడదు, వాన లోపలికి రాకూడదు. రేకూ రేకూ కలిసినచోట గోరు పెట్టి గీస్తాడు. గోరు ఎక్కడైనా పట్టుకుందా, మొత్తం విప్పించి మళ్ళీ చేయిస్తాడు. సందు కనిపిస్తే ఆయనకి అన్నం సయించదు. ఇంట్లో డబ్బాల మూతలు కూడా ఆయన బిగిస్తే సుకుమారి తియ్యలేదు.

పొయ్యి గురించి తనకి తెలియదని ఆయన ఊరుకోలేదు. దోహాలో పొయ్యిలమ్మే కొట్టుకి వెళ్ళి అడిగొచ్చాడు. గోడకి రేకు నేరుగా మేకులు కొట్టి అంటించకూడదనీ, రెండు వేళ్ళ ఎడం ఉంచి నిలబెట్టాలనీ అక్కడి అబ్బాయి చెప్పాడు. శుక్రవారం సెలవు చూసుకుని, తన కింద రేకుపని చేసే తిరుమల్‌ని తీసుకొచ్చాడు. ఇద్దరూ పూటంతా కూచుని, ఇనప గొట్టం ముక్కలు ఆసరా ఇచ్చి, గోడకి రెండు వేళ్ళ ఎడంగా రేకు నిలబెట్టారు. తిరుమల్ లేచి చేతులు దులుపుకుంటూ, "అయిపాయె అన్నా," అన్నాడు.

జడ్సన్ రేకు చుట్టూ ఒకసారి చూశాడు. పైన సందు. కింద సందు. పక్కల సందు.

"ఇదేం ఫినిషింగురా? చూసేవాళ్ళు నవ్వరా?"

"ఇంట్ల ఎవడు చూస్తడే, అన్నా? మీ మనవరాలు ఇన్‌స్పెక్షన్ చేస్తదా?"

"అక్షర చూస్తుంది. వాళ్ళాయన చూస్తాడు."

సన్నని రేకు పట్టీలు కోసి, నాలుగు పక్కలా రివెట్లు కొట్టి, పైన సిలికాన్ పూసి, వేలితో నునుపు చేశాడు. అద్దంలా వచ్చింది. గోరు పెట్టి గీశాడు. ఎక్కడా పట్టుకోలేదు. రేకు వచ్చింది కదాని సుకుమారి కూడా ధైర్యం చేసి, "ఏవండీ, ఇంకొంచెం వెనక్కి జరపండి, ఉయ్యాలకి చోటొస్తుంది," అంది. జరిపారు. పొయ్యి వీపుకీ రేకుకీ మధ్య జానెడు మిగిలింది.

కాగితాలూ చితుకులూ వేసి వెలిగించారు. టీ తాగేంత సేపు మండింది. జడ్సన్ పక్కనున్న సామాన్ల గదిలోకి వెళ్ళి, పొయ్యి వెనక గోడని అవతలి వైపు నుంచి తడిమి చూశాడు. చల్లగా ఉంది. ఫొటో తీసి అల్లుడికి పంపాడు. అల్లుడు రాజ్ కిరణ్ చప్పట్లు కొట్టే బొమ్మలు నాలుగు పంపించాడు. ఆ నాలుగు బొమ్మలూ జడ్సన్ తిరుమల్‌కి చూపించాడు, మర్నాడు సైట్‌లో ఇంకా చాలామందికి చూపించాడు.

అక్షరని రేపు ఇంటికి పంపిస్తారనగా, సుకుమారి పొద్దున్నే లేచి నిజమైన స్నానానికి ఎన్ని కట్టెలు పడతాయో చూద్దామనుకుంది. జడ్సన్ డ్యూటీకి వెళ్ళిపోయాడు. లావుపాటి కట్టెలు పేర్చి, పొయ్యి మీద నిండా గిన్నెడు నీళ్ళు పెట్టింది. మంట అందుకుంది. గది వెచ్చబడింది. నీళ్ళు సలసల కాగాయి. ఇంకో రెండు కట్టెలు వేసింది. చేతులు చాచి కాచుకుంటూ, అక్షరని ఈ స్టూలు మీద కూచోబెట్టి, ఈ నీళ్ళు ఇలా వీపు మీద పోసి, అని మనసులోనే స్నానం మొత్తం చేయించేసింది.

పసిదానికి కింద పరవడానికి పాత నూలు చీరలు కావాలి. సామాన్ల గదిలో గోడకానుకుని కుట్టుపని గుడ్డలూ, లైనింగు తానులూ, వాటి పక్కన పాత చీరల దొంతరా ఉన్నాయి. వెళ్ళి ఒక చీర తీసింది. వెచ్చగా ఉంది. అప్పుడే ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టు, ఒళ్ళో పెట్టుకుంటే హాయిగా ఉండేలా వెచ్చగా ఉంది.

బుజ్జిదానికి ఎంత బాగుంటుందో అనుకుంది ముందు.

తర్వాత ఇంకో చీర తీసింది. అది ఇంకా వేడిగా ఉంది. అడుగున గోడకి ఆనుకున్న చీర తీసి చూస్తే మడత అంచు గోధుమరంగు తిరిగింది. ఇస్త్రీపెట్టె గుడ్డ మీద మరిచిపోతే వచ్చే వాసన. సుకుమారి అరచెయ్యి గోడకి ఆనించి, వెంటనే లాగేసుకుంది.

ఆ తర్వాత ఏం చేసిందో ఆమెకి వరసగా గుర్తులేదు. గుడ్డలన్నీ చేతికందినవి అందినట్టు పెరట్లోకి విసిరేసింది. బకెట్టుతో నీళ్ళు తెచ్చి పొయ్యి తలుపు తీయబోయింది. ఎర్రగా కాగిన ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే పగులుతుందనీ, ఆవిరి మొహం మీదకి కొడుతుందనీ తట్టి ఆగిపోయింది. గాలి వెళ్ళే కింద మూత బిగించేసింది. మంట దమ్ము తగ్గి ఎర్రబడింది. బకెట్టుని సామాన్ల గదిలో గోడ పక్కన పెట్టుకుని, స్టూలు వేసుకుని కూచుంది. గోడ వంకే చూస్తూ, మాటిమాటికీ తడిమి చూస్తూ, అది చల్లారేదాకా అక్కణ్ణించి కదల్లేదు. మధ్యాహ్నం అన్నం వండలేదు.

గోడ ఇంకా వెచ్చగా ఉండగానే ఫోన్ మోగింది.

"అమ్మా, గది రెడీయేనా? నాన్న పంపిన ఫొటో చూపించారు ఈయన. ఫైవ్ స్టార్ హోటల్లా ఉందట."

సుకుమారి గోడ మీంచి చెయ్యి తియ్యలేదు. "నాన్న వచ్చాక మాట్లాడతాను," అంది.

అవతల ఫోన్ చేతులు మారింది. "అత్తయ్యా," అన్నాడు రాజ్ కిరణ్. మంచి పిల్లాడు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. "మీకేదైనా ఇబ్బందైతే నేను మా ఫ్లాట్‌కే తీసుకెళ్ళిపోతాను. అక్కడ హీటింగ్ ఉంది. మీరేం మొహమాటపడకండి."

"ఇబ్బందేముంది బాబూ," అంది సుకుమారి. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. ఆ అబ్బాయి మంచిగానే అన్నాడు. అక్కడికి వెళ్తే పిల్ల సుఖంగానే ఉంటుంది. కానీ తను పొయ్యాలనుకున్న నీళ్ళు తను పొయ్యదు. మనవరాలిని వారానికోసారి కార్లో వెళ్ళి చుట్టంలా చూసొస్తుంది. గోడ సంగతి ఎవరికీ చెప్పకుండా, కట్టెలు కొంచెం తక్కువ వేస్తే సరిపోదా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. పిల్ల తల ఆరబెట్టుకుంటూ నిద్రపోతుంది. ఎవరు చూస్తారు గోడని?

సాయంత్రం జడ్సన్ కారు దిగుతుండగానే చెప్పేసింది. వెంట తిరుమల్ కూడా ఉన్నాడు, రాత్రి భోజనానికి పిలిచారని.

జడ్సన్ మొహం ముడుచుకుపోయింది. "నేను చేసిన పనిలో వేడి బయటికి రావడమా? సుకుమారీ, ఇరవై ఏళ్ళ నించి ఇదే పని చేస్తున్నాను."

"నేనేమీ మీ పనికి వంకలు పెట్టట్లేదండీ. చీర చూడండి."

ఆయన చీర చూశాడు. తిప్పి చూశాడు. "పాత మరకేమో."

"పాత మరకా? ఈ చీర మా అమ్మది, దీని మీద మరక పడనిస్తానా?"

"వదినా, కోపం జెయ్యకు," అన్నాడు తిరుమల్ మధ్యలో దూరి. "ఓపాలి ముట్టిచ్చి చూద్దాం. నేను గోడకు చెయ్యి పెట్టి నిలబడ్త. కాలితే ఒర్రుత. కాలకుంటే మీరిద్దరు కొట్లాడుకోండ్రి."

మళ్ళీ వెలిగించారు. ఈసారి చితుకులు కాదు, లావు కట్టెలు. తిరుమల్ సామాన్ల గదిలో గోడకి చెయ్యి పెట్టి, రెండో చేత్తో టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. సుకుమారి బకెట్టు పట్టుకుని వాడి పక్కనే నిలబడింది.

"సల్లగుంది అన్నా," అని అరిచాడు. టీ అయిపోయింది. "ఇంకా సల్లగనే ఉంది." ఇవతల జడ్సన్ చూశావా అన్నట్టు దగ్గాడు. రెండో విడత కట్టెలు వేశారు. తిరుమల్ జగిత్యాలలో తన మేనకోడలి పెళ్ళి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూ చెబుతూ చెయ్యి మార్చాడు. ఇంకాసేపటికి వేళ్ళ చివర్లు మాత్రమే ఆనించాడు. మేనకోడలి ఆడబిడ్డ దగ్గరికి వచ్చేసరికి, "వామ్మో!" అని ఎగిరి దూరం జరిగాడు. "అన్నా, కాలవట్టింది! బంద్ జెయ్యి, బంద్ జెయ్యి!"

జడ్సన్ గాలి మూత బిగించి వచ్చి తనే చెయ్యి పెట్టాడు. వెంటనే తీసేశాడు. మళ్ళీ చెక్కగదిలోకి వెళ్ళాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, పైన తను రివెట్లు కొట్టి సిలికాన్ పూసిన పట్టీ కింద దూర్చి పెకలించాడు. వేలెడు సందు తెరుచుకుంది. అందులోంచి పెనం మీంచి వచ్చినట్టు గాలి ఆయన మొహానికి కొట్టింది. కళ్ళద్దాలు వేడెక్కాయి.

"అమ్మ బాబోయ్," అన్నాడు మెల్లిగా.

"ఏమైందండీ?"

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "వేడి బయటికి పోకూడదని మూసేశాను. మా ప్లాంటులో అలాగే మూస్తాం. ఇక్కడ పోవాలి కదా. కింద నించి చల్లగాలి దూరాలి, వేడెక్కి పైనించి పోవాలి. అందుకే కదా ఎడం పెట్టమంది ఆ కొట్టువాడు. ఎడం పెట్టాను, దానికి నాలుగు పక్కలా మూత పెట్టాను. పోనీ పొయ్యన్నా దూరంగా ఉందా అంటే, వీపు ఆనించినట్టే కూచోబెట్టాను. లోపలి గాలి ఎటూ పోలేక రోజంతా చెక్కని కాలుస్తా ఉంటుంది."

"జరపమన్నది నేనేగా," అంది సుకుమారి.

"జరిపింది నేను."

"మంచిగ ఫినిషింగ్ అచ్చింది గనీ, అన్నా," అన్నాడు తిరుమల్ చేతి వేళ్ళు ఊదుకుంటూ. ఆ మాటకి ముగ్గురికీ నవ్వొచ్చింది. జడ్సన్ నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తుడవడం ఎంతకీ అవలేదు. సుకుమారి దగ్గరికి వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"పిల్ల ఇంకా రాలేదు కదండీ," అంది. "ఇంకా రాలేదు."

పిల్ల వస్తుందని ఆయన మర్నాటికి ముందే సెలవు పెట్టుకున్నాడు, తిరుమల్ కూడా ఉండిపోయాడు. తెల్లారగానే ముగ్గురూ పనిలో దిగారు. పైనా కిందా పక్కలా పట్టీలన్నీ పీకేశారు. రేకు అడుగు నేలకి తగలకుండా నాలుగు వేళ్ళు ఎత్తారు, పైన కూడా తెరిచే ఉంచారు. పొయ్యిని గోడకి చెయ్యి బారచాచినా అందనంత ముందుకి లాగారు. కింద, ముందు, పక్కలా నిప్పురవ్వ ఎగిరినా చెక్క నేల మీద పడకుండా సిమెంటు పలకలు పరిచారు. కట్టెల బుట్టని పొయ్యి పక్కనించి గుమ్మం దగ్గరికి మార్చారు. గదికున్న రెండు కిటికీల్లో ఒకదాంట్లోంచి పొగగొట్టం బయటికి వెళ్తుంది. అక్కడ చెక్క చట్రం ఒక పక్క నల్లబడి ఉండటం ఈసారి జడ్సన్ కంట పడింది. కిటికీ చట్రం మొత్తం ఊడదీసి, ఆ చోటంతా రేకు బిగించి, దాని నడుమ నుంచి గొట్టం పోనిచ్చాడు, చెక్క ఎక్కడా దాని దరిదాపుల్లో లేకుండా. ఈ పనంతా అయ్యాక రేకు అంచులు వంకరగా, కోసినవి కోసినట్టే కనిపిస్తున్నాయి. జడ్సన్ గోరు అటు వెళ్ళబోయి వెనక్కి వచ్చింది.

పొయ్యి ముందుకొచ్చేసరికి ఉయ్యాలకి చోటు లేకపోయింది. సుకుమారి గది నలుమూలలా చూసింది. తన కుట్టుమిషనూ, కత్తిరింపు బల్లా చూపించి, "ఇవి హాల్లోకి తీసుకెళ్ళండి," అంది.

"నీ పని?"

"హాల్లో కుడతాను. మీరు టీవీ చూడ్డానికి నా బల్ల మీంచి తొంగి చూడండి."

సామాన్ల గదిలో గోడ పొడుగునా ఉన్నవన్నీ తీసేశారు. ఒక్క గుడ్డపేలిక కూడా ఉంచలేదు. అప్పుడు వెలిగించారు. ఒక విడత కట్టెలు. రెండో విడత. తిరుమల్ ఇక చాలన్నాడు. జడ్సన్ చాలన్నాడు. సుకుమారి ఒప్పుకోలేదు. మూడో విడత కూడా వేయించింది. అది మండి, బొగ్గయ్యి, పొయ్యి మీద నీళ్ళు సగానికి ఇగిరిపోయేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు. ఇవతల చెక్కగది వేడెక్కి తిరుమల్ చొక్కా తడిసిపోయింది.

అప్పుడు వెళ్ళి వెనక గోడకి అరచెయ్యి ఆనించింది. తర్వాత రెండో చెయ్యి. తర్వాత చెంప. గోడ గోడలాగే ఉంది. చెక్క చెక్కలాగే ఉంది. తన ఒంటికన్నా వెచ్చగా లేదు. అలాగే చెంప ఆనించి నిలబడిపోయింది.

"సుకుమారీ?" అని పిలిచాడు జడ్సన్ గుమ్మంలోంచి, భయం భయంగా. "ఎలా ఉంది?"

"చల్లగా ఉందండీ," అంది. "రండి. మీరూ చూడండి."

ఆయన వచ్చి ఆమె పక్కనే గోడకి చెయ్యి ఆనించాడు. ఇద్దరూ అలా నిలబడి ఉంటే తిరుమల్ తొంగి చూసి, "ఏంది, ఇద్దరు గోడకు ప్రార్థన జేస్తున్నరా?" అన్నాడు. జడ్సన్ ఆనందం పట్టలేక వాడి వీపు మీద ఒక్కటి చరిచాడు.

మధ్యాహ్నం దాటాక కారొచ్చింది. రాజ్ కిరణ్ ముందు దిగి తలుపు తీశాడు. అక్షర మెల్లిగా, ఒక్కో అడుగే వేసుకుంటూ, గులాబీ మూటని గుండెకానించుకుని దిగింది. సుకుమారి ఎదురెళ్ళి మూట అందుకుంది. లోపల ముడుచుకున్న మొహం, మూసుకున్న కళ్ళు. మూటని ఇంకొంచెం దగ్గరికి హత్తుకుంది.

జడ్సన్ దాచలేదు. అల్లుణ్ణి గదిలోకి తీసుకెళ్ళి, గోడ కాలిన సంగతి, తను మూసిన సంగతి, తెరిచిన సంగతి అన్నీ చెప్పాడు. చెప్పడం అయ్యాక నిలబడి ఏదో అనిపించుకోడానికి సిద్ధమైనట్టు చూశాడు. రాజ్ కిరణ్ సామాన్ల గదిలోకి వెళ్ళి గోడ తడిమాడు. మళ్ళీ వచ్చి పొయ్యి చుట్టూ తిరిగాడు. తర్వాత సంచిలోంచి చిన్న తెల్లడబ్బా ఒకటి తీశాడు.

"పొయ్యి ఉందని విని నిన్న కొన్నాను మావయ్యా. మంటలోంచి విషగాలి వస్తే ఇది అరుస్తుందట. ఎక్కడ పెట్టమంటారు?"

"నన్నా అడుగుతున్నావు?" అన్నాడు జడ్సన్. "కాగితం మీద ఎలా రాసి ఉంటే అలా పెట్టు నాయనా. నా బుర్ర వాడకు."

అక్షర తన షరతులు తను చెప్పింది. రెండో కిటికీ కొంచెం తెరిచే ఉండాలి. తను కునుకు తీసేముందు పొయ్యి ఆర్పెయ్యాలి. పొయ్యి మండుతుంటే బుజ్జిదాన్ని ఒంటరిగా వదలకూడదు. సుకుమారి కిటికీ మాటకి కొంచెం గొణిగింది. మిగతా రెండింటికీ కూతురు చెప్పడం అవకముందే తలూపింది.

వేణ్ణీళ్ళు పోసింది. అనుకున్నట్టే స్టూలు మీద కూచోబెట్టి, చెంబుతో నడుము మీద మెల్లిగా. అక్షర కళ్ళు మూసుకుని, "అబ్బ, అమ్మా," అంది. సుకుమారికి ఇంకేమీ అక్కర్లేదు. తుడిచి, జుట్టు విప్పి, వేడికి ఎదురుగా, దూరంగా కూచోబెట్టింది. వేడన్నంలో నెయ్యి వేసి, వెల్లుల్లి కారం కలిపి, బాలింతకని ప్రత్యేకంగా పళ్ళెంలో పెట్టి తెచ్చింది.

అక్షర నాలుగు ముద్దలు తిని తల్లి వంక చూసింది. సుకుమారి పళ్ళెం వంకే చూస్తోంది.

"అమ్మా, నువ్వు తిన్నావా?"

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న పొద్దుటి నించి ఆమె సరిగ్గా తిన్నది లేదు. నిన్నంతా గోడ పక్కనే కూచుంది, రాత్రి మెతుకులు దిగలేదు, పొద్దున్నించి గోడే లోకం. ఉన్నట్టుండి కడుపులో ఆకలి ఎవరో తలుపు తోసినట్టు లేచింది.

"ఒక్క ముద్ద పెట్టవే," అంది.

అక్షర పెట్టింది. వెల్లుల్లి ఘాటు ముక్కుకెక్కింది. బాలింత పథ్యం ఇంత రుచిగా ఉంటుందని సుకుమారి ఎప్పుడో మరిచిపోయింది. ఇంకో ముద్ద తింది. పళ్ళెం తన ఒళ్ళోకే లాక్కుంది.

"అయ్యో, అది నాది కదమ్మా!"

"నీకు ఇంకో పళ్ళెం తెస్తాను, ఉండు," అంటూనే తినేస్తోంది సుకుమారి. బయట అరుగు మీద మగవాళ్ళు ముగ్గురూ ఏదో చెప్పుకుని గట్టిగా నవ్వుకుంటున్నారు. ఉయ్యాలలో పసిది ఒకసారి కదిలి, మూలిగి, మళ్ళీ నిద్రలోకి జారుకుంది.